సభలో మంద్రనాదము



కొల్లేటి గట్టున పెరిగినవారికి ఒక అనుభవము తెలియకుండ నుండదు. శీతకాలపు రాత్రి, గాలి కదలని వేళ, దూరపు లంకలో పెండ్లి జరుగుచుండును. ఈవలి గట్టున మనము అరుగుమీద పండుకొని యుందుము. సన్నాయి వినబడదు. ఆడువారి పాట వినబడదు. డోలు మాత్రము నీటిమీదుగా నడచివచ్చి మన గుండెలో మ్రోగును. మంచి డోలు అని మన మందుము. అది డోలు గొప్పతన మొక్కటియే కాదు. శబ్దము దూరము పోవుకొలది అందలి హెచ్చుస్థాయి భాగమును గాలి మ్రింగివేయును. మంద్రభాగమును అంతగా మ్రింగజాలదు. అదిగాక, రాత్రివేళ నీటి నంటియున్న గాలి చల్లగను, దాని పైగాలి వెచ్చగను ఉండుటచేత, మీదికి పోవలసిన శబ్దము క్రిందికి వంగి మన గట్టు చేరును.

ఇట్లు క్రోసు దూరము రాగలిగిన మంద్రనాదమే, మైకు పెట్టిన పందిటిలో ఇరువది గజముల దూరమున కూర్చున్నవారికి సరిగా వినబడదు. వినబడినచో తక్కిన మాటలన్నిటిని ముంచివేయును. ఇది యేల జరుగుచున్నది? దీనికి మందేమి? ఈ సంగతియే నేటి నా ప్రసంగము. నేను శాస్త్రవేత్తను గాను. ఏలూరు, తాడేపల్లిగూడెము ప్రాంతముల పందిళ్లలో మైకుసెట్టు వెంట తిరిగి తల నెరసినవాడను. నేను నేర్చినదానిలో సగము నా తప్పులవలన నేర్చినదే. కాబట్టి ఒక తప్పుతోనే మొదలుపెట్టెదను.

అది సుమారు ఏబది యేండ్ల నాటి మాట. కొల్లేటి గట్టున నొక యూర శ్రీరామనవమికి హరికథ. మృదంగము వాయించువారు పేరుగల పెద్దలు. వారి యెడమచేతి నాదము ఊరివారందరికి చక్కగా వినిపింపవలెనని నాకు మిక్కిలి కోరిక. మైకును తొప్పికి బెత్తెడు దూరమునకు చేర్చితిని. యంత్రముమీది మంద్రపు గుండీని చివరివరకు త్రిప్పితిని. దాసుగారు పద్య మెత్తుకొనిరి. పందిరి యంతయు గుమ్మని నిండినది. నేను సంతోషముతో తల యెత్తి చూచుసరికి ముందువరుసలోని వృద్ధు డొకడు కర్ర పట్టుకొని నా యొద్దకు వచ్చెను.

"అబ్బాయీ, మద్దెలాయన చెయ్యి మాకు వినబడాలనే గదా నీ తాపత్రయం? చెయ్యి వినబడటం లేదు నాయనా, చప్పుడు వినబడుతోంది. దాసుగారి మాటైతే అసలే లేదు."

నేను సిగ్గుపడితిని. నాదమునకును చప్పుడునకును మధ్య ఆ వృద్ధుడు గీచిన గీతయే అటుపిమ్మట నా వృత్తికి గురువైనది.

మంద్రనాదముతో ఇంత చిక్కు రావలసిన కారణమును ముందుగా మనవి చేసెదను. శబ్దమనగా గాలి కదలిక. నేడు మన పెండ్లిపందిళ్లలోను, చర్చిలలోను, సినిమా పాటల కచేరీలలోను వాయించు బేసు గిటారులో, నాలుగు తంత్రులలో మిక్కిలి లావైనది సెకనుకు సుమారు 41 సార్లు కంపించును. గాలిలో శబ్దవేగము సెకనుకు సుమారు 340 మీటర్లు. అనగా ఆ స్వరముయొక్క ఒక్కొక్క తరంగము 8 మీటర్లకు మించిన పొడవు గలది. ఇంచుమించు మన చిన్నపందిరి వెడల్పంత. ఇంత పెద్ద అలను లేపవలెనన్న చాల గాలిని కదల్పవలెను. ఒక స్వరమును అదే బలముతో ఒక స్థాయి క్రిందికి దింపి పలికింపవలెనన్న లౌడుస్పీకరు కాగితము నాలుగింతల దూరము ముందువెనుకల కాడవలసియుండును. దీనికి తోడు మన చెవి మంద్రస్వరములపట్ల కొంత మందమైనది. 1933లో అమెరికాలో ఫ్లెచర్, మన్సన్ అను శాస్త్రజ్ఞులు ఈ సంగతిని కొలిచి చూపిరి. మెల్లగా పలికిన స్వరములలో మంద్రము మనకు ముందుగా మరుగుపడిపోవును.

ఇక మన యూళ్లలో స్తంభములకు కట్టు ఇనుపబాకాల సంగతి. ఆ బాకా మాటకు మంచిది, దూరము మోయును. కాని సెకనుకు ఇంచుమించు 300 కంపనములకు క్రింది స్వరములు దాని గొంతులో పుట్టవు. బాకాకు మంద్రమును పంపుట చెంబుతో కొల్లేటిని తోడుటవంటిది. పైగా లోపలి పలుచని పొర చినిగిపోవును. ఎడమచేయి వినబడలేదని బాకాల సంఖ్య పెంచిన పెద్దలను నే నెరుగుదును. పది బాకా లున్నను లేని స్వరము రాదు. దానికి వెడల్పైన స్పీకర్లు గల పెట్టెలే కావలెను.

వాట్ల లెక్కలోను ఒక భ్రమ కలదు. నూరు వాట్ల యంత్రమునకు బదులు రెండువందల వాట్లది తెచ్చినచో రెండింతలు వినబడునని తలతురు. అట్లు కాదు, కొంచెము మాత్రమే హెచ్చును. చెవికి రెండింతలుగా తోచవలెనన్న ఇంచుమించు పదింతల శక్తి కావలెను. కావున బలముతో మంద్రమును సాధింప జూచువాడు డబ్బు పోగొట్టుకొనును, చప్పుడు తెచ్చుకొనును.

ఇప్పుడు వాల్వుల మాట. మీలో పెద్దవారు పంచాయతీ రేడియోలను చూచియుందురు. 1948 డిసెంబరు 1న విజయవాడ రేడియో కేంద్రము ప్రారంభమైన తరువాత మన యూళ్లలో మ్రోగిన పాత రేడియోలు వాల్వులతో చేసినవే. గుండీ త్రిప్పిన వెంటనే పలుకవు. వెనుక ఎర్రని వెలుగు కనబడి, వేడెక్కి, అప్పుడు గొంతు విప్పును. వాల్వనగా గాలి తీసివేసిన గాజుబుడ్డి. లోపల కాగిన లోహమునుండి ఎలక్ట్రానులు వెలువడి ఎదుటి పలకకు ప్రవహించును. 1904లో ఇంగ్లండులో ఫ్లెమింగు దీనిని చేసెను. 1906లో అమెరికాలో డి ఫారెస్టు ఆ రెంటి నడుమ నొక జాలిని పెట్టెను. ఆ జాలియే సర్వము. ఏలూరు కాలువ లాకు తలుపును ఒక్క మనిషి కొంచెము త్రిప్పగా కాలువ నీరంతయు హెచ్చి తగ్గును గదా! అట్లే మైకునుండి వచ్చిన సన్నని విద్యుత్తు ఆ జాలిని తాకి, పలకకు పోవు పెద్ద ప్రవాహమును తన వెంట ఆడించును.

1947లో ట్రాన్సిస్టరు పుట్టినది. క్రమముగా అది తేలికైనది, చవుకైనది, వేడి తక్కువదియునై వాల్వులను మైకుసెట్లనుండి వెడలగొట్టినది. కాని బేసు గిటారు వాయించువారు నేటికిని వాల్వును విడువరు. దీనికి కారణము మోజు మాత్రమే కాదు. అమెరికాలో లియో ఫెండరు 1951లో ప్రెసిషన్ బేసు అను గిటారును విక్రయమునకు తెచ్చెను. అంతకుముందు నిలువెత్తు బేసు వాద్యము డోళ్ల నడుమ వినబడక మునిగిపోవుచుండెడిది. 1969లో ఆంపెగ్ అను సంస్థ 300 వాట్ల వాల్వుయంత్రమును, ఎనిమిది స్పీకర్ల పెట్టెను చేసెను. పెద్ద మైదానములలో బేసు వినబడుటకు అది మార్గమైనది.

వాల్వులో విశేష మేమనగా, దానిని కొంచెము గట్టిగా తోలినప్పుడు అది తరంగపు కొనను కత్తితో కోసినట్లు త్రుంచదు, మెల్లగా వంచును. అట్లు వంగిన తరంగములో మూలస్వరమునకు రెండింతలు, మూడింతలు కంపనములుగల ఉపస్వరములు పుట్టును. 41 కంపనముల తంత్రి మ్రోగినప్పుడు 82, 123 కంపనముల స్వరములుకూడ తోడువచ్చును. చెవికి 41 సరిగా అందకున్నను ఈ తోడుస్వరములు అందును. వానినిబట్టి మనస్సు అడుగుననున్న మూలస్వరమును తానే ఊహించుకొనును. తలుపు చాటున మనిషి కనబడకున్నను అడుగుల చప్పుడునుబట్టి తండ్రి వచ్చెనని బిడ్డ గుర్తించుట లేదా? అరచేయి పట్టు స్పీకరుగల చిన్న రేడియోలో మృదంగపు ఎడమప్రక్క మనకు పోల్చుకొనబడుట ఈ మాయవలననే.

ఐనను ఒక భేదము మరువరాదు. గిటారు తంత్రికి వాల్వు ఒక అలంకారము. మృదంగమునకు ఆ యలంకారము అక్కరలేదు. దాని ఉపస్వరములు దానియందే యున్నవి. మృదంగపు కుడిమూతిమీది కరణమువలన ఉపస్వరములు తంత్రీవాద్యములలోవలె క్రమముగా అమరునని సర్ సి. వి. రామను 1920లో చూపిరి. ఎడమమూతికి తడిపిన రవ్వముద్దను అంటించి మార్దంగికుడు మంద్రమును తానే దిద్దుకొనును. అతడు దిద్దినదానిని ఉన్నదున్నట్లు చూపించుటయే యంత్రము పని. గిటారుకు వాల్వును కొంచెము తోలవచ్చును, మృదంగమునకు తోలరాదు.

వాల్వుయంత్రము నేడు మన మైకు దుకాణములలో అరుదు. బరువు, ధర రెండును హెచ్చు. ముందుభాగమున ఒక చిన్న వాల్వు, వెనుక ట్రాన్సిస్టరు శక్తి గల యంత్రములతో పని గడచును. పూర్తి వాల్వుయంత్రము దొరికినచో కొన్ని నియమములు పాటింపవలెను. వేడెక్కువరకు ఓపిక పట్టవలెను. స్పీకరు తగిలింపకుండ ఎన్నడును వాయింపరాదు. లోపలి ట్రాన్సుఫార్మరు కాలిపోవును. ఎనిమిది ఓముల పెట్టెను ఎనిమిది ఓముల రంధ్రమునకే తగిలింపవలెను. కరెంటు వోల్టేజి పడిపోయిన రాత్రి దాని గొంతు కుంగును గావున తగిన స్టెబిలైజరు కావలెను. ఆర్పిన తరువాతకూడ లోపల వందలకొలది వోల్టులు నిలిచియుండును. తెలియనివాడు మూత విప్పరాదు.

ఇక మైకు నెక్కడ పెట్టవలెను? ఇదియే నేను తప్పిన చోటు. ఒక దిక్కు శబ్దమునే గ్రహించు మైకులకు ఒక గుణము కలదు. మూలమునకు దగ్గరగా జరుపుకొలది మంద్రము పెరిగిపోవును. గాయకుడు మైకును పెదవులకు ఆనించి పాడినప్పుడు గొంతు బొంగురుగా, నిండుగా వినబడుట ఇందువలననే. నేను మైకును తొప్పికి బెత్తెడు దూరమున ఉంచి ఒకసారి మంద్రమును పెంచితిని. గుండీ త్రిప్పి రెండవసారి పెంచితిని. పాలలో పంచదార యున్నదని యెరుగక మరల పోసినట్లయినది.

మృదంగపు ఎడమప్రక్కకు మైకు జేనెడు దూరమున, మూతి నడుమకు గాక అంచుకు కొంచెము ఏటవాలుగా ఉండుట మేలు. బేసు గిటారు పెట్టెకు నేను చేయు పద్ధతి ఇది. పెట్టెలోని స్పీకర్లలో మంచిదాని నొకదానిని ఎంచుకొని, దాని నడిబొడ్డునకును అంచునకును సగము దారిలో మైకును బెత్తెడు దూరమున నిలుపుదును. నడిబొడ్డునకు జరిపినచో గోటి చప్పుడు, తంత్రి గీరుడు హెచ్చును. అంచునకు జరిపినచో మెత్తబడును. గుమ్మను మ్రోత హెచ్చైనచో గుండీ ముట్టుటకు ముందు మైకును జేనెడు వెనుకకు తీయుదును. చేతితో జరిపిన అంగుళము గుండీ త్రిప్పిన చుట్టుకంటె మేలైనది.

గిటారునుండి తీగతో తిన్నగా మిక్సరుకు కలుపు పద్ధతియు కలదు. దానికి నడుమ డి.ఐ. పెట్టె యుండును. తీగదారిన వచ్చినది స్పష్టముగాను, మైకుదారిన వచ్చినది నిండుగాను ఉండును. రెండును కలుపుట మంచిదే. కాని మైకు దూరముగా ఉన్నచో, గాలిలో నడచివచ్చు శబ్దము మీటరు దూరమునకు సెకనులో వేయింట మూడు వంతుల కాలము ఆలస్యమగును. అప్పుడు 170 కంపనముల ప్రాంతపు స్వరములలో ఒకటి ముందుకు త్రోయగా మరొకటి వెనుకకు లాగును. ఒకే దోనెలో ఇద్దరు ఎదురెదురు దిక్కులకు గడ వేసినచో దోనె కదలునా? మైకును దగ్గరగా పెట్టుట, మిక్సరుమీద దిక్కు మార్చు గుండీని నొక్కి చూచి ఏ వైపున నాదము నిండుగా నున్నదో ఆ వైపున వదలుట దీనికి మందు.

అన్నిటికంటె ముఖ్యమైన రహస్య మొకటి చెప్పెదను. మంద్రమును బాగుచేయు పని మంద్రపు మైకునొద్ద గాక, తక్కిన మైకులయొద్ద మొదలుపెట్టవలెను. దాసుగారి మైకులోనికి మృదంగము చొరబడును, వేదిక కంపము చొరబడును. పలుకునకు 80, 100 కంపనములకు క్రిందివి అక్కరలేదు. నేటి మిక్సర్లలో ప్రతి మైకునకును ఆ అడుగుభాగమును కోయు గుండీ కలదు. పాట మైకునకు, వయొలిను మైకునకు, తాళముల మైకునకు దానిని నొక్కినచో అడుగు నీరు తేరుకొనును. అప్పుడు మృదంగపు మంద్రము ఒక్క మైకునుండి మాత్రమే వచ్చును. చిన్నదైనను స్పష్టముగా నుండును.

చోటునుకూడ చూడవలెను. కొల్లేటికి బుడమేరు, తమ్మిలేరు మొదలైన ఏరులు నీరు తెచ్చును. సముద్రమునకు పోవుటకు ఉప్పుటేరు దారి. ఆ దారి మూసికొనిపోయినచో ఊళ్లు మునుగును. నాలుగు గోడల కల్యాణమంటపములో మంద్రశబ్దము గతియు నదే. వచ్చుటేగాని పోవుట లేదు. గోడ మూలను పెట్టిన పెట్టె మ్రోతను మరింత పెంచును. దానిని మూలనుండి ముందుకు జరుపవలెను. పలకల వేదిక లోపల డొల్లయై తానే డోలువలె మ్రోగును; పెట్టె క్రింద మెత్తని దళసరి పట్టనో, వేదిక క్రింద ఇసుకబస్తాలనో వేయవలెను. బయలున మాత్రము గోడల సాయము లేదు గనుక పెట్టెలను నేలమీదనే, ఒకచోటనే చేర్చినచో మేలు.

మృదంగ విద్వాంసులు పాల్ఘాట్ మణి అయ్యరు (1912–1981) మైకుతో విసిగి, కొంతకాలము మైకులేని కచేరీలలోనే వాయింతునని నియమము పెట్టుకొనిరి. కళాకారుని కోపమునకు కారణము లేకపోలేదు. తన యెడమచేయి తనకే వినబడనప్పుడు వాయించువాడు గట్టిగా కొట్టును. వ్రేళ్లు వాచును, నాదము పోవును. మైకువాని అశ్రద్ధకు అప్పు తీర్చునది కళాకారుని చేయి.

చేయి మాత్రమేయన్న చాలదు, ప్రాణముకూడ. ఇది నా రెండవ తప్పు. చెప్పుటకు నేటికిని నోరు రాదు. తాడేపల్లిగూడెములో నొక పెండ్లి. బేసు యంత్రమునుండి సన్నని హుమ్మను మ్రోత వచ్చుచుండెను. అది పోవుటకై నేను ఆ యంత్రపు ఎర్తు తీగను ఊడదీసితిని. మ్రోత ఆగినది. నా తెలివికి నేనే మెచ్చుకొంటిని. వాన కురిసిన నేల. గిటారు పట్టిన కుర్రవాడు పాట అందుకొనుటకు మైకునకు పెదవి తాకించెను. విదల్చికొట్టినట్లు వెనుకకు పడెను. గిటారు తంత్రులు యంత్రపు లోహముతో కలిసియుండును. ఎర్తు లేని యంత్రమున లోపము కలిగి ఆ లోహమునకు కరెంటు ఎక్కినచో, ఎర్తు గల మైకును తాకిన క్షణమున కరెంటునకు ఆ కుర్రవాని దేహమే దారి. అదృష్టవశమున కొంతసేపటికి కన్నులు తెరచెను. వాని తల్లి నా వైపు చూచిన చూపు నే నింకను మరువలేదు.

కాబట్టి పెద్దలారా, మ్రోతకు మందు వేరు, ఎర్తు వేరు. మ్రోత వచ్చినచో అన్ని యంత్రములను ఒకేచోటినుండి, ఒకే ఎర్తుతో నడుపవలెను. డి.ఐ. పెట్టెమీది శబ్దపు తీగకు సంబంధించిన ఎర్తు గుండీని మార్చి చూడవచ్చును. కరెంటు ఎర్తును మాత్రము చంపినను తీయరాదు. లీకేజి వచ్చినంతనే కరెంటును త్రుంచు ట్రిప్పరు లేనిదే తడినేలమీద వేదిక కట్టనీయకుడు.

మీరు ఉత్సవ సంఘములలో ఉందురు. మైకువానితో బేరమాడునది మీరే. ఎన్ని బాకాలు, ఎన్ని పెట్టెలు అని మాత్రము అడుగకుడు. ఎర్తు ఎక్కడ పాతినావని అడుగుడు. పాట మైకులకు అడుగుభాగము కోసినావా యని అడుగుడు. జనము రాకముందు వాయించువారితో అరగంట సరిచూచుకొనుటకు వానికి వ్యవధి యిండు. మీరు వెనుకవరుసలో నిలుచుండి మాట, చేయి రెండును తెలియుచున్నవా యని వినుడు. రాత్రి 10 గంటలనుండి ఉదయము 6 గంటలవరకు లౌడుస్పీకర్లు వాడరాదని 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమములు చెప్పుచున్నవి. మంద్రశబ్దము గోడలను దాటి రోగి మంచము వరకు పోవునని ఆ డోలు కథనుబట్టి మీకు తెలిసినదే.

మరుసటి యేట అదే యూర, అదే నవమికి మరల పోయితిని. అదే దాసుగారు, అదే మృదంగము. మైకును జేనెడు దూరమున నిలిపితిని. మంద్రపు గుండీని ముట్టలేదు. ఆనాటి మిక్సరులో అడుగు కోయు గుండీ లేదు గనుక దాసుగారి మైకును మృదంగమునకు పెడగా త్రిప్పి, దాని క్రింద మడతపెట్టిన గోనె వేసితిని. కర్ర పట్టిన ఆ వృద్ధుడు ముందువరుసలోనే కూర్చుండెను. కథ మూడుగంటలు నడచెను. ఆయన నా వైపు ఒక్కసారియైన తిరిగి చూడలేదు. దాసుగారి మాటకు నవ్వుచు, ఎడమచేతి దెబ్బకు తల యాడించుచుండెను. మైకువాని నెవరును తలపకపోవుటయే వానికి జరుగు సన్మానమని ఆ రాత్రి నాకు తెలిసినది.